ఏడుపు మందు లేని డబ్బాలు

అల్వీన త్సాబెల్ పనిచేస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది. ఎడమ చేత్తో డబ్బాని ఒక్క తిప్పు తిప్పేది, కుడిచేత్తో జిగురు కుంచెతో ఒక్క గీటు గీసేది. లేబులు ముడత లేకుండా అంటుకునేది. అదే పని నేను చేస్తే జిగురు మోచేతుల దాకా కారేది.

"ఒసేయ్ ఇర్మీ, లేబులు డబ్బాకి అంటించమన్నారు గానీ నీకు కాదే," అని నవ్వేది.

అది 1938, చక్కెర దుంపల బండ్లు మా ఊరి వంతెన మీద బారులు తీరే కాలం. నాకు పదిహేడేళ్ళు, ఆమెకి ముప్పై ఆరు. నేను అక్కా అని పిలిచేదాన్ని.

మా చక్కెర ఫ్యాక్టరీ వెనక ఆవరణలో, చక్కెర తీసేశాక మిగిలిన మడ్డి నుంచి ఒక విషం తీసేవాళ్ళు. పిండిమరల్లో పురుగుల కోసం, ఓడల్లో ఎలుకల కోసం, బట్టల్లో పేల కోసం. సుద్దముక్కల్లాంటి గుళికలకి ఆ విషం పట్టించి, రేకు డబ్బాల్లో పోసి సీలు వేసేవాళ్ళు. మూత తీస్తే అది గాలిలోకి లేస్తుంది. దానికి రంగు లేదు. చేదు బాదం వాసన వస్తుందని కొందరంటారు గానీ నా ముక్కుకి ఎప్పుడూ తెలియలేదు. అందుకని అందులో ఇంకో మందు కలిపేవాళ్ళు. అది కళ్ళు మండించి, ముక్కు కారించి, మనిషిని అక్కణ్ణుంచి తరిమేస్తుంది. పుస్తకాల్లో దానికి పెద్ద పేరేదో ఉంది. మేము ఏడుపు మందు అనేవాళ్ళం.

ఫ్యాక్టరీ ఒకరిది, సరుకు అమ్మేది మరొకరు. ఇద్దరి మీదా రంగుల కంపెనీ చెయ్యి ఉండేది. రంగుల కంపెనీ అంటే మా దేశంలో తెలియనివాళ్ళు లేరు. మా గౌన్ల రంగు వాళ్ళది, తలనొప్పి మాత్ర వాళ్ళది, పెళ్ళి ఫోటో తీసిన ఫిల్ము వాళ్ళది. వాళ్ళ పెద్దలెవరినీ మేము కళ్ళతో చూసి ఎరగం.

అల్వీనక్క భర్త రైన్‌హోల్డ్ ఆ డబ్బాలు పట్టుకుని ఊరూరా తిరిగి పిండిమరల్లో మందు వేసేవాడట. నేను చేరేనాటికే క్షయతో పోయాడు. ఆయన మాట ఒకటి ఆమె నాకు చేరిన రోజే చెప్పింది. "విషానికి నోరు లేదు, 'నేనొస్తున్నాను లెండి' అని చెప్పదు. ఏడుపు మందే దాని తరఫున కేక వేస్తుంది అనేవాడే మా ఆయన."

ఆ కేక నేనూ విన్నాను. మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక డబ్బా సీలు సరిగ్గా పడలేదు. నా బల్ల మీదే ఉంది. నాకేమీ తెలియలేదు, కళ్ళు మాత్రం భగ్గుమన్నాయి. ఇంతలో ఎవరో నా జుట్టు పట్టుకుని కుర్చీలోంచి లేపి, గుమ్మం దాటించి, ఆవరణలో మట్టి మీద పడేశారు. అల్వీనక్క. ఇద్దరం బోర్లా పడి దగ్గుతూ, ఏడుస్తూ, చివరికి ఎందుకో నవ్వేశాం.

"ఏడు, బాగా ఏడు," అంది వెన్ను తడుతూ. "ఏడుస్తున్నావంటే బతికున్నట్టే."

ఆమెకున్నది ఒక్కతే కూతురు. పేరు ఎల్ఫ్రీడ, ముద్దుపేరు ఫ్రీడెల్. పిల్లకి మూర్ఛలు. చిన్నప్పుడు వారానికొకసారి వచ్చేవి, పెరిగేకొద్దీ రోజూ రావడం మొదలైంది. తల్లి పనిలో ఉన్నప్పుడు ఒకసారి పొయ్యి మీద పడబోయింది. డాక్టరు బలవంతం మీద పన్నెండో ఏట పిల్లని మూర్ఛరోగుల్ని ఉంచి చూసే ఒక ఆశ్రమంలో చేర్పించింది. నెలకో ఆదివారం గసగసాల కేకు పట్టుకుని రైలెక్కేది. ఒకసారి నేనూ వెళ్ళాను. ఫ్రీడెల్ నా గౌను గుండీలు లెక్కపెట్టి, "నీకు తొమ్మిది, అమ్మకి ఆరు. అమ్మ గుండీలు ఎవరు ఎత్తుకుపోయారు?" అని అడిగింది. కేకులో గసగసాలన్నీ వేలితో ఏరి ముందు తిని, మిగతాది తల్లి నోట్లో పెట్టింది.

1941 జనవరిలో అక్క వెళ్ళేసరికి పిల్ల అక్కడ లేదు. వేరే చోటికి మార్చామన్నారు. ఎక్కడికో చెప్పడానికి ఆజ్ఞ లేదన్నారు. మార్చిలో ఉత్తరం వచ్చింది. అపెండిక్సు చిట్లి మరణించినట్టు, అంటురోగాల భయం వల్ల దహనం జరిపించినట్టు, బూడిద కావాలంటే పద్నాలుగు రోజుల్లో రాసి తెప్పించుకోవలసినదిగా రాశారు. కింద ఎవరిదో సంతకం ఉంది.

ఆ ఉత్తరం ఆమె పనికి తెచ్చింది. భోజనాల వేళ నా ముందు పెట్టింది.

"చదువు."

చదివాను. ఏడవబోయాను.

"ఏడవకు. ఇంకోసారి చదువు. ఏం జబ్బని రాశారు?"

"అపెండిక్సు అక్కా."

"దానికి తొమ్మిదో ఏటనే తీసేశారే అపెండిక్సు. కుట్లు విప్పిన రోజు ఆసుపత్రి మెట్ల మీద నా చెయ్యి కొరికింది. లేనిది ఎలా చిట్లుతుందే?"

ఉత్తరం మీద ముద్ర ఉన్న ఊరు మాకు రైల్లో గంటన్నర దూరం. ఆమె సెలవు పెట్టి వెళ్ళింది. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాళ్ళు రానివ్వలేదు. స్టేషన్ ముందు బఠానీ సూపు అమ్మే ఆవిడ దగ్గర కూర్చుని ఊరికే కబురు కలిపిందట. ఆవిడ అటూ ఇటూ చూసి, "బూడిదరంగు బస్సులు వస్తాయమ్మా. వచ్చేటప్పుడు నిండుగా వస్తాయి, ఖాళీగా పోతాయి. వచ్చినవాళ్ళని ఏదో గ్యాసు గదిలోకి తోస్తారట. మర్నాడు ఆ పొగగొట్టంలోంచి పొగ లేస్తుంది. ఆ రోజు మేమెవరం బట్టలు ఆరెయ్యం," అందట.

బూడిద పోస్టులో వచ్చింది. మట్టి కుండ, మీద నంబరు. అక్క దాన్ని శ్మశానంలో రైన్‌హోల్డ్ పక్కన పాతిపెట్టింది. "ఇది మా పిల్లది కాదని నాకు తెలుసు. ఎవరో ఒకరి పిల్లది అయ్యుంటుందిగా. వీధిలో పారబొయ్యనా?" అంది.

ఆ తర్వాత మనిషి నవ్వడం మానేసింది. చెయ్యి మాత్రం ఎప్పటిలా తిరిగేది.

1943 వేసవిలో కొత్త లేబుళ్ళు వచ్చాయి. ఎప్పటి లేబులే, కింద ఒక వరుస మాత్రం ఎక్కువ: జాగ్రత్త, హెచ్చరిక మందు లేదు. పాతవి ఒక దొంతర, కొత్తవి ఒక దొంతర ఇచ్చి, ఏ పెట్టెల్లోవి దేనికో ఫోర్‌మన్ బ్రూనో ఎక్‌హోఫ్ సుద్దముక్కతో గుర్తుపెట్టాడు. ఎక్‌హోఫ్ చెడ్డవాడని నేననను. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఇద్దరు కొడుకులు తూర్పు రంగంలో. ఎవరికైనా రేషన్ తక్కువైతే తన రొట్టె సగం ఇచ్చేవాడు.

అల్వీనక్క కొత్త లేబులు తీసి రెండుసార్లు చదివింది. "ఎక్‌హోఫ్ గారూ, ఇదేంటి?"

"ఏడుపు మందుకి సరుకు దొరకడం లేదమ్మా. యుద్ధం కదా."

"మరి ఈ పెట్టెల్లోవాటికి ఎక్కణ్ణుంచి దొరికింది?"

"అవి పిండిమరలకి. ఇవి తూర్పున ఖైదీల శిబిరాలకి, సైన్యం తీసుకుంటుంది. పేలకట."

"పిండిమరల్లో పురుగులకి ఏడుపు మందు కావాలి, శిబిరంలో పేలకి వద్దా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? పైనుంచి వచ్చింది. అంటించమ్మా."

ఆమె లేబుల్ని బల్ల మీద పెట్టి నిమిషం పాటు అరచేత్తో నిమిరింది. తర్వాత నా వైపు తిరిగి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు నింపాదిగా అంది. "ఇర్మీ, ఏడుపు మందు పేల కోసం పెట్టింది కాదే. మనుషులు పారిపోవడానికి పెట్టింది. అది తీసేశారంటే, ఎవరో పారిపోకూడదని తీసేశారు."

గదిలో ఆరుగురం ఉన్నాం. ఎవరి కుంచె వాళ్ళ జిగురులో ఉంది.

ఎక్‌హోఫ్ ముఖం పాలిపోయింది. "అల్వీనా, నీ కూతురు పోయిన బాధలో ఏదో అంటున్నావు. నేను వినలేదు. మీరూ వినలేదు," అని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆమె ఆ లేబుళ్ళు అంటించింది. మర్నాడూ అంటించింది. ఆదివారం తీసేస్తే పదకొండు పనిరోజులు అంటించింది. మానేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. మధ్యలో పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన పాలకుల కోసం ప్రార్థించమన్నాడట. "నేను అడిగింది డబ్బాల గురించి కదా అంటే, వానొచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నావా అన్నాడే," అని నాతో చెప్పింది.

పన్నెండో రోజు ఉదయం ఆమె వచ్చి, ఏప్రను కట్టుకుని, కూర్చుని, కుంచెని కడిగి నీళ్ళ డబ్బాలో నిలబెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, అంటించు," అన్నాను గుసగుసగా.

"నా వల్ల కావడం లేదే."

"నెమ్మదిగా అయినా అంటించు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మా ఫ్రీడెల్‌ని తోసిన గదిలో ఎవరైనా కేక వేశారో లేదో నాకు తెలియదు. ఈ డబ్బాల్లో కేక లేకుండా చేస్తున్నది నేనేగా. నా చెయ్యేగా."

ఎక్‌హోఫ్ ఆమెకి ఒంట్లో బాగాలేదని రాసి ఇంటికి పంపాడు. గోనెసంచులు ఉతికే షెడ్డుకి మార్చి, ఎలాగో కప్పిపుచ్చుదామని చూశాడు. కానీ ఆరుగురిలో ఎవరో ఎవరితోనో అనేశారు.

తర్వాతి బుధవారం నన్ను ఫోర్‌మన్ గదికి పిలిచారు. కుర్చీలో నేనెరగని మనిషి, వయసులో ఉన్నవాడు, శుభ్రమైన కాలరు. నన్ను కూర్చోమన్నాడు. నా తమ్ముడు ఏ రెజిమెంటులో ఉన్నాడో నాకే చెప్పాడు. మా అమ్మకి ఉబ్బసమని కూడా తెలుసు.

"మీరిద్దరూ స్నేహితులు. ఆమె ఏమందో మీరు చెప్పక్కర్లేదు, మాకు తెలుసు. తెలిసింది సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాం, అంతే."

నేను చెప్పాను. పేల మాట, పారిపోవడం మాట, ఫ్రీడెల్ గది మాట, అన్నీ ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. అతను రాసుకుని కాగితం నా వైపు తిప్పాడు. సంతకం చేశాను.

"మంచి దస్తూరీ," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమెని సంచుల షెడ్డులోంచి తీసుకెళ్ళారు. సైన్యం ధైర్యం చెడగొట్టే మాటలన్నందుకు రెండున్నరేళ్ళ కఠిన కారాగారం వేశారు. గురువారం పొద్దున్న ఎక్‌హోఫ్ నా బల్ల దగ్గరికి వచ్చి, నా ముఖం చూడకుండా, "ఆ సీటు ఖాళీగా ఉండకూడదు," అన్నాడు. ఆమె చెయ్యి చూసి చూసి నాకూ పని పట్టుబడింది. లేబులు ముడత పడకుండా అంటించేదాన్ని.

యుద్ధం చివరి ఏడు బాంబులు ఫ్యాక్టరీని పడగొట్టేదాకా ఆ సీట్లోనే ఉన్నాను. మార్చిలో ఒక్క పూటలో ఊరే లేకుండా పోయింది. మా ఇంట్లో రెండు గదులు, వంటగది మిగిలాయి. తమ్ముడు తిరిగి రాలేదు.

ఆగస్టులో తలుపు చప్పుడైతే తీశాను. గుమ్మంలో ఒక ముసలావిడ, చేతిలో ఇళ్ళు కూలినవాళ్ళకి గదులు పంచే ఇళ్ళ ఆఫీసువాళ్ళ చీటీ. జుట్టంతా తెల్లబడింది, కుడిచేతి వేళ్ళు రెండు మడతపడి బిగుసుకుపోయాయి. జైల్లో సైనికుల బూట్ల తోలు కుట్టించారట, యుద్ధం ముగియగానే గడువుకి ముందే వదిలేశారట. నలభై మూడేళ్ళ అల్వీనక్కని గుర్తుపట్టడానికి నాకు అంతసేపు పట్టింది.

"నన్ను ఈ ఇంటికి వేశారు," అంది. "వేరే గది లేదట. అడిగి చూశాను."

మా అమ్మకి సంతకం సంగతి తెలుసు. గోడ పట్టుకుని నిలబడిపోయింది. చివరికి, "లోపలికి రామ్మా, కాళ్ళు కడుక్కో," అంది.

అలా ముగ్గురం ఒకే పొయ్యి మీద బతికాం. ఒకే కుండలో బంగాళాదుంపలు ఉడికించి, తొక్కలు కూడా వేయించుకుని తిన్నాం. ఆమె నా మీద ఒక్క మాట తూలలేదు. "ఉప్పు అందుకో", "కిటికీ వెయ్యి", ఇవే మాటలు. ఇర్మీ అని మాత్రం పిలిచేది కాదు. ఆమె పిలుపుతో పెరిగినదాన్ని కనుక, పిలవకపోతే ఇల్లు మూగపోయినట్టుండేది.

ఒక రోజు వంటగది అలమరలో జామ్ సీసా తీస్తూ ఆగిపోయింది. యుద్ధకాలంలో కాగితం దొరక్క, ఫ్యాక్టరీలో అచ్చు వంకరపోయిన లేబుళ్ళు నేను ఇంటికి తెచ్చేదాన్ని. అమ్మ వాటిని అలమర అరల్లో పరిచింది. మూడేళ్ళుగా మా ఉప్పూ పప్పూ వాటి మీదే ఉన్నాయి.

అక్క నీళ్ళు వేడిచేసి, గుడ్డతో తడిపి తడిపి ఒక లేబుల్ని చిరగకుండా ఊడదీసి, కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టింది. కింది వరుస అద్దంలోంచి వెలుగులో కనబడుతూనే ఉంది. ఎండిన తర్వాత కీర్తనల పుస్తకంలో పెట్టుకుంది.

1947లో రంగుల కంపెనీ పెద్దల మీద నూరెంబర్గ్‌లో విచారణ మొదలైందని పేపర్లో చూసింది. యుద్ధంలో గెలిచినవాళ్ళు మా దేశాన్ని పంచుకున్నారు. అది అమెరికావాళ్ళ భాగంలో ఉంది, మేము రష్యావాళ్ళ భాగంలో ఉన్నాం. మధ్యలో అడవిలోంచి నడిచి సరిహద్దు దాటాలి. ఆమె రెండు రొట్టెలు మూటకట్టుకుని, కీర్తనల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పది రోజులకి తిరిగి వచ్చింది, బూటు అడుగు ఊడి తాడుతో కట్టుకుని.

అమ్మ ఆత్రంగా అడిగింది. "విన్నారా అల్వీనా?"

"విన్నారు. కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు, బార్లీ కాదు, నిజం కాఫీ."

"ఏమన్నారు?"

"కుర్ర ఆఫీసరు, మర్యాదస్తుడు. లేబుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటివి వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయట. 'ఆ కంపెనీ డైరెక్టర్లు ఎవరైనా మీ గదికి వచ్చారా? ఎవరైనా మీతో మాట్లాడటం విన్నారా?' అని అడిగాడు. పెద్దలు లేబుళ్ళ గదికి ఎందుకొస్తారు వదినా? వాళ్ళు రాకపోబట్టే కదా పెద్దలయ్యారు."

"మరి?"

"రాసుకున్నాడు. అవసరమైతే పిలుస్తామన్నాడు."

పిలవలేదు.

తీర్పు మరుసటి ఏడు జులై ఆఖరులో వచ్చింది. మేము ముగ్గురం వంటగదిలో గుత్తులుగా కాసే ఎర్రటి పుల్లపళ్ళు కాడల నుంచి దూస్తున్నాం. అమ్మకి చూపు మందగించింది కనుక పేపరు నేను చదివాను. తూర్పున ఆ డబ్బాలు వెళ్ళిన శిబిరం పక్కనే కంపెనీ కట్టిన రబ్బరు ఫ్యాక్టరీ, అక్కడ ఖైదీలు సిమెంటు మూటల కింద కూలి చావడం, అవన్నీ ఉన్నాయి. ఆశ్రమాల్లో రోగుల్ని చంపిన గ్యాసు సిలిండర్లు కూడా ఆ కంపెనీ పంపినవేనని ఉంది. అక్కడ చదవడం ఆపేశాను.

"చదువు," అంది అల్వీనక్క. పళ్ళు దూయడం ఆపలేదు.

చదివాను. విషపు డబ్బాల విషయంలో డైరెక్టర్లకి తెలిసినట్టు రుజువు కాలేదు కనుక ఆ నేరం కొట్టేశారు. మిగతా నేరాలకి సగం మందికి పైగా దొరికారు గానీ శిక్షలు చిన్నవి. కొందరికి ఏడాదిన్నర.

"ఎంత?"

"ఏడాదిన్నర అక్కా."

ఆమె వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి రసం బల్ల మీద కారింది. "పంపినవాళ్ళకి ఏడాదిన్నర. ఎందుకు పంపుతున్నారని అడిగినందుకు నాకు రెండున్నర," అంది. కోపంగా అనలేదు. సంతలో కూరగాయల ధర చెప్పినట్టు అంది. తర్వాత గిన్నె తీసుకెళ్ళి పళ్ళు కడిగింది. ఆ నీళ్ళ చప్పుడులోనే ఏడ్చిందని భుజాలు చూస్తే తెలిసింది. నేను లేచి దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

ఆ అక్టోబరులో పొలాల్లో మిగిలిన దుంపలు ఏరుకొచ్చి, పెరట్లో బట్టలుడికించే కాగులో పానకం కాస్తున్నాం. పొద్దుటి నుంచి కలుపుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. అమ్మ లోపల పడుకుంది. ఆమె ఒక గంట, నేను ఒక గంట కలుపుతున్నాం. గరిటె ఆమె చేతికిస్తూ అనేశాను.

"అక్కా, ఆ కాగితం మీద సంతకం నాది."

"తెలుసు. కోర్టులో నీ పేరు పైకి చదివారు."

"భయపడ్డాను. తమ్ముడి పేరు ఎత్తారు..."

"తెలుసులే. నువ్వు రాయించినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నావు. అంత బాగా విన్నదానివి." ఆమె కలుపుతూనే ఉంది. "నువ్వు కాకపోతే ఇంకొకరు చెప్పేవాళ్ళు. దాని గురించి నేనెప్పుడూ నిద్ర పాడుచేసుకోలేదు. నాకు కావలసింది వేరే. నా తర్వాత ఆ సీట్లో ఎవరు కూర్చున్నారు?"

ఆవిరి ముఖానికి కొడుతోంది. అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ గదిలో పనిచేసిన మిగతా నలుగురూ బాంబుల్లో పోయారు.

"నేనే."

"ఎన్నాళ్ళు?"

"ఫ్యాక్టరీ పడిపోయేదాకా."

గరిటె ఆగింది. ఏడాదిన్నర దాటిందని ఆమె మనసులో లెక్కేసుకోవడం నాకు కనబడింది. "తెలిసి కూడా?" అంది.

"తెలిసి కూడా అక్కా. నువ్వు చెప్పాక తెలియదని ఎలా అనను?"

ఆమె నన్ను చూసింది. తిట్టినా, గరిటెతో కొట్టినా బాగుండేది. పొలిమేర దాటిపోతున్న మనిషిని చూసినట్టు చూసింది. "అడుగంటుతోంది, కలుపు," అని గరిటె నాకిచ్చి లోపలికి వెళ్ళింది. మర్నాడు ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళి, స్టేషన్ అవతల ఒక మెట్లకింది గది రాయించుకుంది. కిటికీ లేని గదట. తన వాటా పానకం సీసా మా బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.

ఆ తర్వాత ఆమె బడి వంటశాలలో పనికి చేరింది. వంకరపోయిన వేళ్ళతోనే పిల్లలకి పప్పు గంజి వడ్డించేది. మూర్ఛలొచ్చే పిల్ల ఒకతి ఉంటే, ఆ పిల్ల భోజనం అయ్యేదాకా పక్కనే నిలబడేదట. ఇవన్నీ నేను ఇతరుల నోట విన్నవి.

1953లో, రష్యావాళ్ళ అండతో మమ్మల్ని ఏలుతున్న పార్టీవాళ్ళు ఆమెని వేదిక ఎక్కించాలనుకున్నారు. నాజీలకి ఎదురుతిరిగిన శ్రామిక మహిళ అని ఎర్ర కార్నేషన్ పువ్వు కోటుకి గుచ్చారు. పశ్చిమాన ఆ డైరెక్టర్లంతా అప్పటికే బయటికొచ్చి మళ్ళీ కంపెనీల పెద్దలై కూర్చున్నారు. ముక్కలైన రంగుల కంపెనీ ముక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. దాని గురించి ఆమె చేత చెప్పిద్దామని వాళ్ళ ఆలోచన. నేను హాల్లో ఆఖరి వరుసలో నిలబడ్డాను. ఆమె ముందుగా రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"నన్ను వీరవనిత అంటున్నారు. నేను పదకొండు రోజులు ఆ లేబుళ్ళు అంటించాను," అంది మైకులో. "అవి ఏమిటో తెలిశాక పదకొండు రోజులు. రోజుకి ఎన్ని డబ్బాలో నాకు తెలుసు. ఒక్కో డబ్బాకి ఎంతమందో నాకు తెలియదు. ఆ లెక్క కట్టగలిగినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే..."

బ్యాండువాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. ఎవరు సైగ చేశారో. ఆమె పువ్వు తీసి మైకు పక్కన పెట్టి, మెట్లు దిగి, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళింది. నా పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఆగలేదు.

పదకొండు రోజులకే అంత కుమిలిపోయిన మనిషి. నేను పద్దెనిమిది నెలలకి పైగా అంటించి, పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, పుట్టినరోజులకి కేకులు కోశాను. నన్నెవరూ ఏ కోర్టుకీ పిలవలేదు. ఏ వేదికా ఎక్కించలేదు. అడగలేదు కనుక చెప్పలేదు.

1961 ఫిబ్రవరిలో ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆసుపత్రిలో ఉందని తెలిసి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నిద్రపోతోంది. రెండోసారి నర్సు లోపలికి వెళ్ళి నా పేరు చెప్పి వచ్చి, "ఇవాళ ఓపిక లేదంటున్నారు," అంది. తెచ్చిన కమలాపళ్ళు నర్సుకే ఇచ్చేశాను.

అంత్యక్రియలకి బడి వంటశాల ఆడవాళ్ళు వచ్చారు, కొందరు పిల్లలు వచ్చారు. నేల గడ్డకట్టింది, తవ్వడానికి గునపాలు కావలసి వచ్చాయి. వంటశాల ఆవిడ ఒకామె నా పక్కన నిలబడి ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "మీరు ఆవిడకి ఏమవుతారండీ?"

ఏమవుతానని చెప్పాలి? "ఒకప్పుడు నన్ను చావకుండా బయటికి లాగింది," అన్నాను.

"అలాంటి మనిషేనండీ," అంది ఆమె, ఇంకేం అడగకుండా.

అందరూ వెళ్ళాక కూడా చలిలో చాలాసేపు నిలబడ్డాను. కళ్ళు మండుతున్నాయి గానీ నీరు రాలేదు.